తల్లి పలుకు కావలెను, తల్లి వ్రాత వలదా?

మాతృభాషను కాపాడవలసిన భారము మాతృమూర్తులదే యని మన సభలలో ఏటేట వినుచున్నాను. వేదికపై పెద్దలు చెప్పుదురు. మేము క్రింద కూర్చుండి చప్పట్లు కొట్టుదుము. పిమ్మట లేచి వడ్డనకు పోవుదుము. ఆ మాటలో సగము నిజమున్నది. మిగిలిన సగమును ఎవరును చెప్పకుండుటచేత నేను చెప్పవలసి వచ్చినది. తల్లి నోట తెలుగు నిలువవలెనని కోరువారు తల్లి చేతికి కలము నిచ్చుటకు మాత్రము సమ్మతింపరు. వ్రాత లేని పలుకు మూడవ తరమున మూగవోవుటను నేను నా యింటనే చూచుచున్నాను.

నా పుట్టినిల్లు ధర్మాబాదు, మెట్టినది భోకరు; రెండును నాందేడు జిల్లాలోనివే. ఇచ్చటి తెలుగువారందరును ఎక్కడనుండియో వలసవచ్చినవారని కొందరు తలంతురు. అట్లు వచ్చినవారు కొందరు లేకపోలేదు. కాని పెక్కుమంది యిండ్లు కదలలేదు, సరిహద్దులే కదలినవి. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడుగా విడిపోయినప్పుడు నాందేడు తక్కిన మరాఠ్వాడా జిల్లాలతో పాటు బొంబాయి రాష్ట్రమున చేరెను; 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమున భాగమయ్యెను. అంతకు ముందు నిజాము కాలమున కచ్చేరీ భాష ఉర్దూ. మా బాపు ఉర్దూలో సంతకము చేసెడివాడు. నేను మరాఠీలో మెట్రిక్ ప్యాసైతిని. నా మనుమడు ఇంగ్లీషులో చదువుచున్నాడు. ఈ మూడు తరములలో మా యింట తెలుగున కాగితముపై నిలిచినది ఏమున్నది? పెండ్లి పత్రిక కూడ మరాఠీలోనే అచ్చగుచున్నది.

తెలుగు బోధనకై సంఘములు అర్జీలు పెట్టుట మంచిదే. 1956లో రాజ్యాంగమున చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని ప్రతి రాష్ట్రమునకును చెప్పుచున్నది. పాఠశాలలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని అట్టి పిల్లలున్నచో ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949లోనే విద్యామంత్రుల సమావేశము నిర్ణయించెను. అర్జీ వ్రాయుట యెరిగినదానను గనుక దాని విలువయు నెరుగుదును. అయినను ఒక ప్రశ్న. బడిలో తెలుగక్షరము నేర్చిన పిల్లవానికి ఇంటిలో చదువుటకు ఏమున్నది? విజయవాడలోను, హైదరాబాదులోను అచ్చైన పుస్తకములున్నవి, మంచివే. వానిలో భోకరు లేదు. ముద్ఖేడులో రైలు మారుట లేదు. దూప లేదు, ఇసుర్రాయి లేదు. మా యిండ్లలో తల్లిని అవ్వ యందుము. ఆ పుస్తకములలో అవ్వ యనగా ముసలమ్మ!

మనము పిల్లలను బాసరకు తీసికొనిపోయి అక్షరాభ్యాసము చేయింతుము. ధర్మాబాదు దాటగనే బాసర. గోదావరియు మనదే, సరస్వతీదేవియు మనదే. తల్లి పిల్లవానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, వాని వ్రేలు పట్టి బియ్యములో దిద్దించును. దిద్దించిన ఆ చేయి తాను మాత్రము ఏమియు వ్రాయరాదట!

‘ముందు సంసారము, తరువాత సాహిత్యము’ అని మొదటి ఆక్షేపణ. నేను సంసారమును నిందించుట లేదు. నా కలమునకు సరుకు నిచ్చినది అదియే. కాని ఆ ‘తరువాత’ యెప్పుడు వచ్చును? పిల్లలు పెద్దవారైన పిదప అనిరి. పెద్దవారైరి; మనుమలు వచ్చిరి. ఉద్యోగము విడిచిన పిదప అనిరి. విడిచితిని, పొయ్యి నన్ను విడువలేదు. మగవానికి పింఛను వచ్చిన నాటినుండి ఉదయపు వార్తాపత్రిక సావకాశముగ చదువుకొను హక్కు వచ్చును. ఆడుదానికి అదే దినమున రెండవ ఉద్యోగమునకు ఉత్తరువు అందును.

ఈ ఆక్షేపణ చేయువారు భండారు అచ్చమాంబగారిని తలచుకొనవలెను. ఆమె 1874లో కృష్ణా మండలమున జన్మించిరి. బడిచదువు లేకయే పదియేండ్ల ప్రాయమున వివాహమయ్యెను. భర్తగారి ఉద్యోగము నాటి మధ్యరాష్ట్రములలో. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆమె యింటనే యుండి నాగపురమున చదువుకొనుచు, అక్కకు చదువు నేర్పిరి. ఆమె తెలుగుతో పాటు మరాఠీ, హిందీ భాషలు నేర్చిరి. కన్నబిడ్డలిద్దరును పసితనముననే పోయిరి. ఆ దుఃఖముతోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ వ్రాసిరి, స్త్రీసమాజములు స్థాపించిరి. 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో ‘ధనత్రయోదశి’ యను కథ ప్రకటించిరి. 1905లో ముప్పదియేండ్లకే కన్నుమూసిరి. గురజాడవారి ‘దిద్దుబాటు’ వచ్చినది 1910లో. ఎనిమిదేండ్లు ముందు వ్రాసిన స్త్రీ పేరు లేకయే తొలి తెలుగు కథను గూర్చి మనవారు చాలకాలము ఉపన్యసించిరి. నాగపురము నేడు మన రాష్ట్రములోనిదే యని మనలో ఎందరు తలచినారు? పరభాషల నడుమ కాపురముండి తెలుగు వ్రాసిన ఆ యిల్లాలు మొదట మన మనిషి, తరువాతనే కోస్తావారి మనిషి.

అయితే ఆమె గొప్పతనము చెప్పి మమ్ములను అదలించువారు ఒక సంగతి మరతురు. ఆమె ప్రక్కన పుస్తకము విప్పి కూర్చున్న తమ్ముడొకడుండెను. మా తమ్ములు ఎక్కడ?

రెండవ ఆక్షేపణ, ‘ఆడువారు వ్రాయుటకు ఏమున్నది, వంటయిల్లు తప్ప?’ అని. ‘ధనత్రయోదశి’ కథ వంటయింటికి దూరమా? పండుగనాడు ఒక బీదయింటిలో, పరుల సొమ్మునకు చేయిచాచిన భర్తను భార్య నిలువరించుటయే గదా ఆ కథ. నేను ముప్పది యొక్క సంవత్సరములు ఒక కార్యాలయమున ఆవక్-జావక్ రిజిస్టరు వ్రాసితిని. పరుల యుత్తరములకు వరుస సంఖ్యలు వేసినంత కాలము నా దస్తూరి ముత్యములవలె నున్నదని మెచ్చుకొనిరి. అదే దస్తూరితో ఇంట నోటుపుస్తకమున మా యవ్వ చెప్పిన సంగతులు వ్రాసికొనుచుండగా, ‘పాలలెక్క కింత పుస్తకమెందుకు?’ అని బంధువొకరు అడిగిరి. ఒకప్పుడు ఒక సంచికకు వ్యాసము పంపితిని. ‘అమ్మా, ఏదైన వంటకము పంపరాదా’ అని జాబు వచ్చెను. జొన్నరొట్టెలను గూర్చి వ్రాసి పంపితిని. ఆ యేడు ప్రకటనలు ఎక్కువగుటచే అదియు అచ్చు కాలేదు.

మన పొరుగువారిని చూడుడు. ఖాందేశపు బహిణాబాయి చౌధరి (1880–1951) చదువు రానిది. పొలమునకు పోవుచు, ఇసుర్రాయి త్రిప్పుచు పాటలు కట్టెను. కుమారుడు సోపాన్‌దేవ్ మొదలగు ఇంటివారు వానిని వ్రాసియుంచిరి. ఆమె పోయిన పిదప ఆ కాగితములను ఆచార్య అత్రేగారికి చూపగా, ఆయన ప్రోత్సాహమున 1952లో పుస్తకము వెలువడెను. నేడు జల్‌గావ్ విశ్వవిద్యాలయము ఆమె పేరనే యున్నది. మన పిల్లలు ఆమె పాటలను మరాఠీలో వల్లెవేయుచున్నారు. సంతోషమే. ఇసుర్రాయి మన యిండ్లలోను తిరిగినది. పాటలు మన యవ్వలును పాడిరి. ఆ పాటలు పట్టుకొన్న కుమారుడు మాత్రము మనలో కానరాడు. వాడు సభలో మాతృభాషను గూర్చి ఉపన్యసించుచున్నాడు.

‘ఎవరు చదువుదురు?’ అనునది చివరి ఆక్షేపణ. ఇదియే కొంత బలమైనది. దీనికి అందరును కోడండ్ర మీద నేరము మోపుదురు. మరాఠీ పిల్ల ఇంటికి వచ్చి తెలుగు పోగొట్టినదందురు. ఇది అన్యాయము. నా కోడలు మరాఠీ యింటి బిడ్డయే. నా కొడుకు తెరచిచూడని నోటుపుస్తకమును, ‘ఆయీ, ఇందులో ఏమున్నది?’ అని మొదట అడిగినది ఆమెయే. దేవనాగరిలో వ్రాసిన పిల్లలు చదువుదురు గదా యన్నది. నేను లిపి మార్చుటకు ఒప్పుకొనలేదు. మరాఠీవారి దేవనాగరిలో ‘ళ’ యున్నది గాని హ్రస్వమైన ‘ఎ’, ‘ఒ’ లేవు. కొడుకునకును కోడలికిని ఒకే ‘కో’ పడును. సంసారము సమముగ నుండును గాని భాష నిలువదు. తుదకు ఇట్లు కుదుర్చుకొంటిమి. కుడిప్రక్క పుటమీద నేను తెలుగున వ్రాయుదును, చదివి వినిపింతును, ఎడమ పుటమీద ఆమె తన లిపిలో అదే తెలుగును వ్రాసికొనును. మనుమడు ప్రస్తుతము ఎడమ పుటయే చదువుచున్నాడు. తెలియని చోట కుడి పుటమీద వ్రేలు పెట్టి, ఇది యే యక్షరమని అడుగుచున్నాడు. ఇప్పటికి రెండు పుస్తకములు నిండినవి.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరన్న నిందకు సురవరం ప్రతాపరెడ్డిగారు తగవులాడుచు కూర్చుండలేదు. ఊరూరి కవులను వెదకి, 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ను 354 కవులతో అచ్చువేసి చూపిరి. నాడు మన నాందేడు ఆ రాష్ట్రములోనిదే. ఆ పని ఈ సరిహద్దు తల్లుల విషయమున మన సంఘములు ఏల చేయరాదు? సభలో కప్పు శాలువలు రెండు తగ్గించిన నోటుపుస్తకములు వచ్చును. వచ్చు సంచికలో పదునారు పుటలు మా కిండు. ముగ్గులకును వంటకములకును కాదు, మేము చూచిన బ్రతుకులకు. భాష సరిదిద్దుదు మనకుడు. దూపను దాహము చేసినచో అది మా వ్రాత కాదు. భోకరులో ఇండ్లకు పోయి అడుగు పని నేను చేసెదను. మధ్యాహ్నము రెండు మొదలు నాలుగు వరకు నాకు తీరిక. ఆ రెండు గంటలు ఇంటివారితో పోట్లాడి సంపాదించుకొన్నవి. వ్రాయవచ్చిన వారు వ్రాసి యిత్తురు. రాని వారు చెప్పినచో నేను వ్రాసికొందును. పైన వారి పేరే వేయవలెను, నాది కాదు.