యోసేపు ఏ కులం రాయించుకున్నాడు?

పిల్లలకి క్రిస్మస్ పాటలు అర్థం కావని సంఘ పెద్దలు నవ్వుతారు. క్రైస్తవులకి కులం లేదని సర్కారువాళ్ళు రాస్తారు. ఈ రెండు మాటలకీ చుట్టరికం ఉందని నేనంటున్నాను. మా మాలపేట గుంటలు పాటల్ని అడ్డదిడ్డంగా అర్థం చేసుకున్నారని పెద్దలు కడుపుబ్బ నవ్వేవారు. ఇన్నేళ్ళ తరవాత లెక్క తీస్తే అందులో ఒక్కటీ తప్పు కాదు. ఆ పాటల్లో మేం విన్నది మా ఊరిని. ఊళ్ళో ఉన్న కులాన్ని. అసలు అపార్థం 1950 ఆగస్టు 10న ఢిల్లీలో వెలువడిన ఒక ఉత్తర్వులో ఉంది. దాన్ని చూసి మాత్రం ఎవరూ నవ్వలేదు.

మా వైపు సువార్త నిన్నా మొన్నా వచ్చింది కాదు. లండన్ మిషన్ దొరలు 1805లో విశాఖపట్నంలో దిగారు. ఆ తరవాత కెనడా బాప్టిస్టు మిషన్ బొబ్బిలి, శ్రీకాకుళం, పాలకొండ, టెక్కలి, సోంపేటల్లో బంగళాలు కట్టింది, బడులు పెట్టింది. మా పాటలు వాళ్ళ కంటే ముందువి కూడా ఉన్నాయి. తెలుగు క్రైస్తవ కీర్తనలకి పెద్దదిక్కని చెప్పే పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. జంధ్యం తీసేసినవాడి మీద నాకు గౌరవమే. కాని ఆయన, ఆయన వెనక వచ్చినవాళ్ళు రాసిన పాటలు రాగం, తాళం పేర్లు నెత్తిన పెట్టుకొని సంస్కృతం మాటల్తో మా పేటకొచ్చాయి. అక్షరమ్ముక్క రాని మా మామ్మ వాటిని పుక్కిట పట్టింది. హార్మోనియం, తబలా గుడిలోకి వెళ్ళాయి. మా తాతల డప్పు మాత్రం గుడి గుమ్మం బయటే ఉండిపోయింది. ఊరు మమ్మల్ని ఎక్కడ నిలబెట్టిందో గుడి మా డప్పుని అక్కడే నిలబెట్టింది.

ముందు గొల్లల సంగతి. క్రిస్మస్ పాటల్లో దేవదూత కబురు మొదట గొల్లలకే చెప్తుంది. మా ఊళ్ళో గొల్లవీధి ఉంది. గొర్రెలున్నాయి, గొంగళ్ళున్నాయి. మరి మొదట కబురందినోళ్ళు మన గుడికి ఎందుకు రారని మా సండే స్కూలు మాస్టార్ని అడిగాను. "ఆ గొల్లలు వేరే, ఈ గొల్లలు వేరే" అని నవ్వేశాడు. ఏం వేరే? గొర్రెలు కాసేవాడికి తెలుగులో కులం పేరు తప్ప ఇంకో పేరు పాటకి దొరకలేదు. బేత్లెహేము పొలంలో మందకాసే కూలీకి కూడా తెలుగులోకి రాగానే ఒక వీధి, ఒక కులం వచ్చి చేరాయి. మా మహాకవి గుర్రం జాషువా తండ్రి గొల్ల, తల్లి మాదిగ. ఇద్దరిదీ ఒకటే దేవుడు. అయినా ఆ బిడ్డని లోకం ఏ కళ్ళతో చూసిందో ఆయన కవిత్వమే సాక్ష్యం. గొల్లలు వేరే అన్న మాస్టారికి తెలియని సంగతా ఇది?

తరవాత పసుల తొట్టి. మా అయ్య ఊరి నాయుడి దగ్గర కంబారి. పసుల సాల ఊడవడం, పేడ ఎత్తడం, తొట్లో కుడితి పొయ్యడం ఆయన పని. ఆ సాల దాకా మాకు దారుంది. దాన్ని దాటి వీధరుగు ఎక్కడానికి లేదు. ఏసయ్య పసుల తొట్లో పుట్టాడని పాట వినగానే నాకు చప్పున తెలిసిపోయింది, మరియమ్మ కంబారోడి పెళ్ళామని. సత్రంలో జనం ఎక్కువై చోటు లేకపోయిందని మాస్టారు చెప్పాడు. నేను నమ్మలేదు. జనం ఎక్కువైతే నిండు చూలాలికి అరుగు మీదైనా ఇంత జాగా ఇస్తారు. సాలలోకి పొమ్మన్నారంటే ముందు ఏ పేటవాళ్ళో అడిగుంటారు. మా ఊరి టీ కొట్లో మాకు వేరే గ్లాసు ఎందుకుందో తెలిసిన పిల్లకి ఇది ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

రక్షకుడు పుట్టాడన్న పాటకి మాత్రం నేను భయపడ్డాను. మా పేట గుంటలందరికీ తెలిసిన రక్షకుడు ఒక్కడే. పోలీసు ఠాణా బోర్డు మీద 'రక్షక భట నిలయము' అని ఉండేది. అది 1970. అంతకు మూడేళ్ళ ముందు, 1967 అక్టోబరు 31న, లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. 1970 జూలైలో వెంపటాపు సత్యాన్నీ, ఆదిభట్ల కైలాసాన్నీ పోలీసులు చంపారు. జిల్లా అంతా క్యాంపులు, జీపులు, సోదాలు. ఆ డిసెంబరులో పెట్రోమాక్స్ లైటు పట్టుకొని రక్షకుడొచ్చాడని పాడుతుంటే పిల్లలం మామ్మ కోకలో దూరాం. పెద్దలు మళ్ళీ నవ్వారు. రాజ్యం తన లాఠీకి రక్షణ అని పేరు పెట్టుకుంటే, ఆ పేరు విని దడుచుకున్న పిల్లదా తప్పు?

తూర్పు దేశపు జ్ఞానుల గురించి మామ్మనే అడిగాను.

"తూర్పు దేసమంటే రంగమే కదే. మీ తాత ఎల్లింది అక్కడికే."

"మరి జ్ఞానులు బంగారం తెచ్చారంట, తాత ఏటి తెచ్చాడే?"

"బంగారం అట్టుకొచ్చినోలున్నారు. మీ తాత జొరం అట్టుకొచ్చినాడు. నోర్మూసుకొని తొంగో."

మామ్మకి భూగోళం తెలీదని మాస్టారు అన్నాడు. ఆవిడకి తెలిసినంత భూగోళం ఆయనకి తెలీదు. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల నుంచి ఓడలెక్కి రంగం వెళ్ళిన కూలీల్లో మా పేటలవాళ్ళు ఎంతమందో! అక్కడి మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోశారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక అడవుల్లోంచి, కొండల్లోంచి వేలాదిమంది కాలినడకన వెనక్కొచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళు ఎందరో. మా తూర్పు దేశం కథ ఏ కీర్తనల పుస్తకంలోకీ ఎక్కలేదు. అందుకే మామ్మ దాన్ని ఉన్న పాటలోనే కలిపేసుకుంది.

ఇవి పాటల సంగతులు. పెద్దల ఆచారాలు వీటికంటే గడ్డువి.

మా అమ్మ ఆదివారం నుదురు ఉత్తగా ఉంచుకొని గుడికెళ్ళేది. తాలూకా ఆఫీసుకి వెళ్ళే రోజు మాత్రం రూపాయి కాసంత బొట్టు పెట్టేది. బొట్టంటే ఆఫీసు ముద్ర అనుకున్నాం పిల్లలం. రేవు ముద్ర, పోస్టు ముద్రలాగ అది లేకపోతే కాగితం చెల్లదనుకున్నాం. గుడిలో మాకు బైబిలు పేర్లు. బడిలో సింహాద్రి అప్పన్న పేర్లు. ఎంక్వయిరీకి గుమాస్తా వస్తున్నాడంటే గోడ మీది ఏసయ్య పటం దిగి ధాన్యం గాదె వెనక్కి పోయేది. లక్ష్మీదేవి క్యాలెండరు అదే మేకుకి ఎక్కేది. గుమాస్తా వెళ్ళగానే పటాలు మళ్ళీ చోట్లు మారేవి. హేరోదు బిడ్డల్ని చంపిస్తున్నాడని ఏసయ్యని ఐగుప్తుకి దాటించిన కథ అప్పటికి విన్నాం. గాదె వెనకాల ఐగుప్తు అన్నమాట, గుమాస్తా హేరోదు మనిషన్నమాట! ఇది కూడా అపార్థమేనా?

ఒక క్రిస్మస్ ముందు మాస్టారు కథ చెప్తున్నాడు. చక్రవర్తి జనాభా లెక్కలు రాయమన్నాడు, యోసేపు పేరు రాయించుకోడానికి సొంతూరు వెళ్ళాడు అన్నాడు. నేను లేచి అడిగాను. "యోసేపు ఏ కులం రాయించుకున్నాడండీ?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక కూర్చున్న సంఘ పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మాస్టారు ప్రార్థన చేసి బడి వదిలేశాడు.

ఆ ప్రశ్నకి జవాబు నాకు కాలేజీకి వెళ్ళాక చట్టం పుస్తకంలో దొరికింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్నీ ముస్లిములనీ బయటే ఉంచారు. సీతంపేట కొండ మీద సవర బాప్తిస్మం తీసుకుంటే షెడ్యూల్డు తెగవాడిగానే ఉంటాడు. తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. కొండ దిగి మైదానంలోకి రాగానే మాలవాడికి, పైడివాడికి, రెల్లివాడికి షరతు మొదలవుతుంది. నీళ్ళలో మునిగి లేచేసరికి కులం పోయిందంటుంది చట్టం. మరి ఊరి చెరువు రేవులో ఆ కులం ఎందుకు పోలేదు?

మా రాష్ట్రంలో 1970లో వెనకబడిన తరగతుల జాబితా తయారైనప్పుడు క్రైస్తవం పుచ్చుకున్న ఎస్సీల్నీ వాళ్ళ సంతతినీ 'సి' గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. ఎస్సీ రిజర్వేషను ఈవేళ 15 శాతం. మా పేటలో ఒకాయన నిజమే చెప్తానని క్రైస్తవుడని రాయించాడు. ఆయన కూతురికి సంక్షేమ హాస్టల్లో ఎస్సీ సీటు పోయింది. పక్కింటాయన బొట్టు పెట్టుకొని అబద్ధం చెప్పాడు, సీటు దొరికింది. ఇద్దరి ఇళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఇద్దరూ నాయుడి అరుగు కిందే నిలబడతారు. నిజం చెప్పినవాణ్ణి శిక్షించి, అబద్ధమాడినవాణ్ణి దొంగ అని తిట్టే ఏర్పాటు ఇది. ఎటుపోయినా నేరం మనదే.

చర్మకారులకి ఇచ్చే బంకు తనకెందుకివ్వరని మద్రాసులో చెప్పులు కుట్టుకునే ఒక క్రైస్తవుడు సుప్రీంకోర్టుకెళ్ళాడు. మతం మారాక కూడా కులం బాధ అంత తీవ్రంగానే ఉందని రుజువు చాల్లేదని 1985లో కోర్టు తేల్చింది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసుని కొట్టేసింది. క్రైస్తవుడైనవాడికి ఆ చట్టం కింద రక్షణ లేదంది. బాధ ఉందని రుజువు చూపించమంటారు. కేసు పెడితే నీకు బాధపడే అర్హత లేదంటారు.

రుజువు కావాలా? 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని నరికి చంపారు. తగువు మడ్డువలస జలాశయం కింద మిగిలిన భూమి మీద. ఆ భూమిని మాలలు దున్నుకోవడమే కంటగింపయింది. అందులో దేవుడి ఊసే లేదు. కత్తికి పేట తెలుసు. మతం అడగదు. మతం అడిగేది సర్టిఫికెట్టు ఇచ్చే బల్ల ఒక్కటే.

దీని మీద కమిషన్లు తక్కువేం లేవు. మతం షరతు తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే నివేదిక ఇచ్చింది. కేంద్రం దాన్ని పక్కన పెట్టి 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసింది, గడువు పొడిగించుకుంటూ పోయింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా కోరుతూ తీర్మానం చేసింది. తీర్మానం ఢిల్లీకి వెళ్ళింది. మా పటాలు గాదె వెనకే ఉన్నాయి.

ఇక సంఘ పెద్దలకీ, బిషప్పులకీ, పాస్టర్లకీ నాదొక మాట. క్రీస్తులో కులం లేదని మీరు ప్రసంగించినప్పుడల్లా ఢిల్లీ ఉత్తర్వుకి మీరే సాక్ష్యం చెప్తున్నారు. 2022లో హైదరాబాదు ఆర్చిబిషప్పు పూల ఆంథోనీ కార్డినల్ అయ్యారు. తొలి దళిత కార్డినల్ అని అందరం సంబరపడ్డాం. సంతోషమే. కాని సంఘంలో కులం లేకపోతే తొలి దళిత అన్న మాట ఎక్కడిది? ఇన్ని వందల ఏళ్ళు ఆ కుర్చీ దాకా మనవాడు ఎందుకు వెళ్ళలేదు? పెళ్ళి సంబంధాల దగ్గర, సంఘం ఎన్నికల దగ్గర, సమాధుల దొడ్డి దగ్గర కులం ఉందని ఒప్పుకోండి. ఒప్పుకుంటే దేవుడికి అవమానం కాదు. దాచిపెడితే మా పిల్లలకి అన్నం పోతోంది.

హిందూ సోదరులకీ ఒక మాట. రిజర్వేషను కోసం మతం దాస్తున్నారని మమ్మల్ని ఎగతాళి చేస్తారు. దాచుకోవలసిన స్థితి తెచ్చింది ఎవరు? ఏ దేవుణ్ణి మొక్కినా కులం ఒకేలాగ చూసే దేశంలో, దేవుణ్ణి బట్టి హక్కు ఇవ్వడం ఎవరి మోసం?

ఈ పుస్తకం చదివే విద్యార్థులకీ కార్యకర్తలకీ చెప్పేది ఇదే. క్రిస్మస్ రాత్రి పేటలకి వెళ్ళండి. పాటలు విన్న పిల్లలు ఏం అర్థం చేసుకున్నారో అడిగి రాసుకోండి. దిద్దకండి. ఆ కాగితాల్ని కమిషన్ల ముందు, కోర్టుల ముందు రుజువుగా పెట్టండి. మూడో పేరా కొట్టేసేదాకా మన పిల్లలు ఆఫీసుల్లో, గుళ్ళల్లో, సభల్లో లేచి అదే ప్రశ్న అడగాలి. యోసేపు ఏ కులం రాయించుకున్నాడండీ? ప్రార్థన చేసి బడి వదిలెయ్యకుండా, కూర్చోబెట్టి జవాబు చెప్పాలి.