బడికి చుట్టపుచూపుగా వచ్చేవాళ్లు

ప్రభుత్వ బడిలో పనిచేసే ఒక టీచరమ్మ ఈ వారం ఫోన్ చేశారు. చాలా ఏళ్లుగా తెలిసిన మనిషి. ఊరికే గోల పెట్టే రకం కాదు. ‘మా బడికి ఇంకో సంస్థ వచ్చిందండీ. సోమవారం నుంచి బేస్‌లైన్ పరీక్ష పెట్టాలట. పోయినేడు వచ్చినవాళ్ల ఎండ్‌లైనే ఇంకా ఎక్కించలేదు’ అన్నారు. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లున్న బడి అది. ఆ ఇద్దరిలో ఒకరిని సర్దుబాటు పేరుతో పక్క ఊరికి పంపారు. మిగిలిన ఈవిడే ఒక్కో పిల్లాణ్నీ కూర్చోబెట్టి చదివించాలి, మార్కులు ఫోన్లో ఎక్కించాలి, సిగ్నలు కోసం గేటు దాకా వెళ్లి నిలబడాలి. ‘ఆ వారమంతా మిగతా పిల్లలకు పాఠం ఎవరు చెప్పాలండీ?’ అని అడిగారు. ఆ ప్రశ్న ఇలాంటి సంస్థలతో ఒప్పందాల (ఎంఓయూల) మీద సంతకాలు పెట్టేవాళ్లకు ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

బయటివాళ్లు బడి నడపకూడదని నేననను. అలా అంటే మన చదువుల చరిత్ర సగం కొట్టేయాలి. 1842లో హేయర్ అనే లూథరన్ మిషనరీ గుంటూరులో దిగాడు. ఆ మిషన్ పెట్టిన బళ్లలో ఎన్ని తరాల దళిత కుటుంబాలు అక్షరం ముక్క నేర్చుకున్నాయో ఆ జిల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు. అదే గుంటూరులో 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతులు ఆడపిల్లల కోసం శారదా నికేతనం పెట్టారు. ఇలాంటివి ఊరూరా ఉండేవి. స్థలం దాతది, కమిటీ ఊళ్లోవాళ్లది, జీతం సర్కారుది. దీన్నే ఎయిడెడ్ బడి అన్నాం. 1991లో అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం చట్టం చేసి చార్టర్ స్కూలు అని మొదలుపెట్టిందే, సర్కారు డబ్బుతో బయటివాళ్లు నడిపే ఆ ఏర్పాటు మనకు 1854 నాటి గ్రాంటు విధానం నుంచీ తెలుసు. ఇక్కడి బడికి అక్కడి చార్టర్ స్కూలుకు లేని ఒక బలం కూడా ఉండేది: టీచరు మారడు. ఒకే మాస్టారు తండ్రికీ కొడుక్కీ పాఠం చెప్పిన బళ్లు అవి.

వాటిని మనం ఏం చేశాం? ఖాళీ అయిన పోస్టు నింపకుండా ఏళ్లకేళ్లు ఎండగట్టాం. చివరికి 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, సంస్థనే అప్పగిస్తారా, సిబ్బందిని అప్పగించి గ్రాంటు వదులుకుంటారా తేల్చుకోమంది. ఆ ఏడాది నవంబరులో అనంతపురం ఎస్‌ఎస్‌బీఎన్ కాలేజీ పిల్లలు దీని మీద ధర్నా చేస్తే లాఠీలు విరిగాయి. గొడవ ముదిరాక వెనక్కి తగ్గే వీలిచ్చారు గానీ, చాలా యాజమాన్యాలకు మనసు విరిగిపోయింది.

ఆ తర్వాత ఏడు నెలలకు, 2022 జూన్‌లో, అదే ప్రభుత్వం ఆన్‌లైన్ పాఠాల కంపెనీ బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. నన్ను ఇప్పటికీ కలతపెట్టేది ఈ వరస. నూరేళ్లు ఊళ్లో నిలిచిన సంస్థలను బరువనుకుని దించుకున్నాం. పదేళ్ల కిందట పుట్టిన కంపెనీని పిలిచి పీట వేశాం. 2022 డిసెంబరు 21న 5,18,740 ట్యాబులు 8వ తరగతి పిల్లలకూ టీచర్లకూ పంచారు. వేల రూపాయల విలువైన కంటెంటు కంపెనీ ఉచితంగా ఇస్తోందన్నారు. 2024 జులైలో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఆ ట్యాబుల్లో కొన్నింటిని ఒక హైస్కూల్లో చూశాను. హెచ్‌ఎం గదిలో బీరువా కింది అరలో, నల్ల అట్టలతో, ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒక్కోదాని మీద తెల్ల కాగితం అంటించి పిల్లాడి పేరూ సెక్షనూ రాశారు. పాఠాలన్నీ మెమరీ కార్డులో ఎక్కించి ఇచ్చారు. ఆ కార్డే పోయినవి కొన్ని, తెర బీటలు వారినవి కొన్ని, చార్జింగ్ పిన్ను వదులైనవి కొన్ని. లెక్కల మాస్టారు ఒకటి తెరిచి సమీకరణాల వీడియో చూపించారు. పాఠం బాగుంది, అబద్ధం చెప్పను. బొమ్మలు కదులుతున్నాయి, గొంతు స్పష్టంగా ఉంది. ‘వీడియో ఆపి, ఇది ఎందుకొచ్చింది సార్ అని పిల్లాడు అడుగుతాడు కదండీ, అప్పుడు మళ్లీ నేనే బోర్డు దగ్గరికి వెళ్లాలి’ అన్నారాయన. ఆ మాస్టారికి నాలుగు సెక్షన్లు. ఆ బడిలో లెక్కలకు రెండో పోస్టు చాలాకాలంగా ఖాళీ.

ట్యాబులు పంచిన ఏడాది 8వ తరగతి చదివిన పిల్లల సంగతి చూడండి. 8లో ట్యాబు వచ్చింది. 9లో టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష వచ్చింది, అమెరికా పరీక్షల సంస్థతో ఒప్పందం అన్నారు. ఆ చదువుల సంవత్సరం ముగిసేలోగా అంతర్జాతీయ సిలబస్ నడిపే ఐబీ వాళ్లతో ఇంకో ఒప్పందం. పదికి వచ్చేసరికి ప్రభుత్వం మారింది, టోఫెల్, ఐబీ రెండూ అటకెక్కాయి. సీబీఎస్‌ఈకి మార్చిన వెయ్యి ప్రభుత్వ బళ్ల పిల్లలకైతే పదో తరగతి మధ్యలో మళ్లీ స్టేట్ బోర్డన్నారు. తెచ్చినవాళ్లకు ఒక కారణం ఉంది, తీసేసినవాళ్లకు ఒక కారణం ఉంది. వాళ్ల కారణాలు వాళ్లకు గెలుపోటముల్లో పనికొచ్చాయి. పబ్లిక్ పరీక్ష రాయాల్సిన పిల్లకు ఒక్కటీ పనికిరాలేదు.

ఇక టీచర్లను నియమించే డీఎస్సీల తారీఖులు వీటి పక్కన పెట్టి చూడండి. ఆంధ్రాలో 2018 డీఎస్సీ తర్వాత 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో గాని జరగలేదు. బైజూస్, టోఫెల్, ఐబీ మూడూ ఆ మధ్యలోవే. తెలంగాణలో 2017 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ 2024లో 11,062 పోస్టులు. టీచర్ని వేయని ఏళ్లలో బడికి ఏదో చేస్తున్నట్టు కనబడాలంటే సులువైన దారి ఎంఓయూయే. దానికి జీతాల పద్దు లేదు, పెన్షన్ లేదు, కోర్టు కేసు లేదు. బీఈడీ చేసి ఏడేళ్లు అశోక్‌నగర్ గదుల్లోనూ అవనిగడ్డ కోచింగ్ హాస్టళ్లలోనూ ఎదురుచూసి వయసు దాటబెట్టుకున్నవాళ్ల మొహం చూసి మాట్లాడాలి ఎవరైనా.

ప్రైవేటు చెయ్యి పడితే చదువు బాగుపడుతుందన్న నమ్మకం మన మధ్యతరగతికి బాగా పాకింది. దాన్ని మన గడ్డ మీదే పరీక్షించి చూశారు. 2008 నుంచి నాలుగేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో 180 ఊళ్లలో లాటరీ తీసి, ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరిని వోచరు మీద ప్రైవేటు బళ్లకు పంపారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ఆ అధ్యయనం 2015లో అచ్చయింది. నాలుగేళ్లయ్యాక తెలుగులో తేడా లేదు. లెక్కల్లో లేదు. ఇంగ్లీషులో లేదు. సైన్సు, సోషల్‌లో లేదు. హిందీలో ముందున్నారు, ఎందుకంటే సర్కారు బడి వాళ్లకు హిందీ చెప్పలేదు. ప్రైవేటును మెచ్చేవాళ్లు ఇందులోంచి ఒక్క ముక్క ఏరుకుంటారు, అదే ఫలితం మూడో వంతు కన్నా తక్కువ ఖర్చుతో వచ్చిందని. ఆ మిగులు ఎక్కడి నుంచి వచ్చింది? టీచరు జీతంలోంచి. ఇంటర్ చదివి ఊళ్లోనే ఉండిపోయిన ఆడపిల్లకు చేతికందినంత ఇచ్చి రోజంతా నిలబెట్టి చెప్పించడాన్ని పొదుపు అనడానికి నాకు నోరు రాదు.

అమెరికా వెళ్లిన మనవాళ్లు కూడా చార్టర్ స్కూలు లాటరీలో సీటు వచ్చిందని ఫోన్లో సంబరంగా చెబుతుంటారు. వాళ్ల పిల్లల వరకు మంచిదే కావచ్చు. 2005లో కత్రినా తుపాను తర్వాత న్యూ ఆర్లియన్స్‌లో ఊరి బళ్లన్నీ దాదాపుగా చార్టర్ల చేతికి వెళ్లాయి, వేలమంది టీచర్లు ఒక్క దెబ్బతో రోడ్డున పడ్డారు. మార్కులు పెరిగాయని లెక్కలు చూపిస్తారు. ఏళ్లతరబడి ఆ వీధుల్లో పాఠం చెప్పిన నల్లజాతి టీచరమ్మలకు ఆ లెక్కల్లో చోటు లేదు.

తెలంగాణ 2025 జులైలో ఒకేసారి ఆరు సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. అన్నింటినీ ఒక గాటన కట్టను. బడి మానేసిన ఆడపిల్లను ఇంటికి వెళ్లి వెతికి తీసుకురావడానికి ఎడ్యుకేట్ గర్ల్స్ వస్తే చేతులెత్తి దండం పెడతాను. పిల్లల భద్రత గురించి చెప్పడానికి ప్రజ్వల కంటే తగినవాళ్లు ఎవరు? బడి ఒంటరిగా చేయలేని పనులవి. కానీ ఇంటర్ పిల్లలకు ఎంట్రన్స్ కోచింగ్ ఫిజిక్స్‌వాలా చెబుతుందంటే ఒప్పుకోలేను. ఆ కంపెనీ నాలుగు నెలల్లో షేర్ మార్కెట్‌కి ఎక్కింది. రేపు వాటాదారులు ఈ ఉచితం ఇక చాలంటే ఆ పిల్లలు ఎవర్ని పట్టుకోవాలి? కాలేజీలో ఫిజిక్స్ లెక్చరరు ఉంటే ఆయన్ని పట్టుకుంటారు. ఆయన్నే వేయండి ముందు.

సంస్థల తరఫున బళ్లకొచ్చే పిల్లల మీద నాకు కోపం లేదు. డిగ్రీ అయిన అమ్మాయిలు, ఏడాది కాంట్రాక్టు, రెండు బస్సులు మారి వస్తారు. కథలు చెబుతారు, పాటలు పాడిస్తారు. పిల్లలు వాళ్లను అక్కా అని చుట్టుకుంటారు. మార్చి తర్వాత ఆ అక్క రాదు. ప్రాజెక్టు ఇంకో జిల్లాకు మారి ఉంటుంది.

అసలు సాయం కావాల్సిన చోటు ఒకటుంది, అక్కడికి ఏ కంపెనీ రాదు: బడి గ్రంథాలయం.  ట్యాబులున్న ఆ బీరువాలోనే పై అరలో కథల పుస్తకాలున్నాయి, పురికొస ముడి కూడా విప్పకుండా. పుస్తకం పోతే జీతంలోంచి కోస్తారేమోనని ఇన్‌చార్జి మాస్టారి భయం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్న జాతి మనది. 1914లోనే బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టుకున్నాం. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా ఇప్పటికీ కడుతున్నాం. మునిసిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా వాడేసుకుంటున్నాయి. పుస్తకాలు కొనడానికి డబ్బు లేదని మాత్రం ప్రతి బడ్జెట్‌లోనూ వింటాం. ఎవర్నీ దేవిరించకుండా, ఎవరి లోగో అంటించుకోకుండా, ప్రతి మండలంలో పిల్లలకు ఒక మంచి చదువుకునే గది ఏర్పడాల్సిన డబ్బు అది. ఆ ఇన్‌చార్జి మాస్టారి భయం పోవడానికైతే డబ్బు కూడా అక్కర్లేదు. పిల్లలు చదివి చింపిన పుస్తకానికి టీచరు బాధ్యుడు కాడని డీఈఓ ఒక్క కాగితం మీద రాసిస్తే చాలు.

ఎంఓయూలు ఇక ముందు కూడా వస్తాయి, వాటిని ఆపే శక్తి నాకు లేదు. విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రుల కమిటీ ఉంది. ఏ సంస్థ బడి గుమ్మం ఎక్కినా దాని ఒప్పందం తెలుగులో ఆ కమిటీ ముందు పెట్టి చదవాలి. పిల్లల వివరాలు ఎవరి దగ్గర ఉంటాయి, సంస్థవాళ్లు ఎన్నేళ్లుంటారు, టీచరు సమయం రోజుకు ఎంత పోతుంది, మధ్యలో వెళ్లిపోతే ఎవరు చూస్తారు అన్నవి అందులో రాసి ఉండాలి. కూలికి వెళ్లే తల్లులు ఉంటారా కమిటీలో? ఉంటారు. డ్వాక్రా గ్రూపుల్లో బ్యాంకు కాగితాలు అర్థమయ్యేదాకా అడిగి సంతకం పెట్టినవాళ్లు వాళ్లు. సెలవులయ్యాక జూన్‌లో బళ్లు తెరవగానే జరిగే మొదటి సమావేశంలోనే ఇది మొదలుపెట్టమని రెండు రాష్ట్రాల విద్యా శాఖలనూ అడుగుతున్నాను.