జతపడుట వేఱు, దారి తెఱచుట వేఱు

హైదరాబాదు నగరమందలి అమీరుపేటలో మైత్రీవనము చుట్టుపట్ల నడచువారికి గోడగోడకును కంప్యూటరు శిక్షణాలయముల ప్రకటనలు కానవచ్చును. రెండు తెలుగు రాష్ట్రముల నలుమూలలనుండి పట్టభద్రులు వచ్చి, అచ్చటను, పొరుగుననున్న పంజగుట్టలోను, గదికి ముగ్గురు నలుగురు చొప్పున హాస్టళ్లలో నుండి చదువుకొనుచున్నారు. మన పాఠశాల విడిచిన బాలబాలికలును వారిలో నున్నారు. వారికి కలుగు నొక చిన్న చిక్కును గూర్చియు, దానికై వారు వెచ్చించు తలిదండ్రుల ధనమును గూర్చియు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గదిలోని కంప్యూటరునకు తీగద్వారా ఇంటర్నెట్టు వచ్చును. లోపలి గదులలో ఫోనునకు సిగ్నలు అందదు. అందుచేత కంప్యూటరునకు వచ్చినదానిని బ్లూటూతుద్వారా ఫోనునకు పంచుకొన యత్నింతురు. వైఫైద్వారా పంచరాదా యని కొందఱందురు. పంచవచ్చును, వేగమును దానికే హెచ్చు. కాని దాని పాసువర్డు ఉదయమున ఒకరికి చెప్పిన, సాయంకాలమునకు మేడయంతయు నెఱుగును. బ్లూటూతునందు ఒక్కొక్క పరికరమును విడిగా జతచేయవలెను గనుక, సొమ్ము కట్టినవారి యధికారము వారియొద్దనే యుండును.

అయితే జతచేసిన పిమ్మటను ఫోనునకు ఇంటర్నెట్టు రాదు. వెంటనే బ్లూటూతు చెడినదని నిశ్చయించి మరమ్మతు దుకాణమునకు మోసికొనిపోవుదురు. అచ్చట విండోసును తీసి మఱల వేసి రుసుము పుచ్చుకొందురు. పంజగుట్టలోని నిమ్సు ఆసుపత్రియందు పరీక్షింపక వైద్యుడు శస్త్రము పట్టడు. కంప్యూటరునకు మాత్ర మా మర్యాద లేదు!

నా యభిప్రాయమున పెక్కుసార్లు చెడినది యంత్రము కాదు. రెండు పనులను ఒకటిగా దలచుటయే చిక్కునకు మూలము. జతపడుట యనగా రెండు పరికరములు ఒండొంటిని గుర్తెఱుగుట మాత్రమే. పరిచయమైనంతనే ఇంటిలోనికి రమ్మన్నట్లు కాదుగదా! ఇచ్చుటకు కంప్యూటరునందును, పుచ్చుకొనుటకు ఫోనునందును వేఱువేఱుగా అనుమతి యుండవలెను.

మొదట కంప్యూటరునకే ఇంటర్నెట్టు వచ్చుచున్నదో లేదో చూడుడు. వచ్చుచున్నచో, విండోసు 10, 11 లయందు సెట్టింగులలోని మొబైల్ హాట్‌స్పాట్ అను పుటను తెఱచి, దేనిద్వారా పంచవలెనను చోట వైఫైని బ్లూటూతుగా మార్చి మీట వేయవలెను. పిదప ఆండ్రాయిడ్ ఫోనులో, జతచేసిన పరికరముల పట్టికయందు, ఆ కంప్యూటరు పేరు ప్రక్కనున్న గుర్తును నొక్కిన ‘ఇంటర్నెట్ యాక్సెస్’ అను మీట యుండును. పెక్కుమంది కంటబడనిది ఇదియే. కొన్ని ఫోనులలో అది యుండనే యుండదు. వానితో కుస్తీ పట్టుట వ్యర్థము. పుచ్చుకొనునది రెండవ కంప్యూటరైనచో దాని చిరునామా చూడుడు. అది 169.254తో మొదలైనచో, తనకెవ్వరును చిరునామా నియ్యనందున తానే యొకటి కల్పించుకొన్నదని యర్థము. లోపమును ఇచ్చువైపున వెదకవలెను. అప్పటికిని కుదరనిచో రెండువైపులను జతను తుడిచి మఱల చేయుడు. ఒకవైపు మాత్రమే తుడుచుటచేత చిక్కు పెరుగును.

మందముగా వచ్చుట మాత్రము లోపము కాదు. 2004లో వెలువడిన బ్లూటూతు 2.0 నాటినుండి దీని మార్గము సెకనుకు 3 మెగాబిట్లకు మించలేదు. చేతికందునది అంతకంటె తక్కువ. దూరమును సాధారణముగా 10 మీటర్లు. సందేశములకు, హాల్‌టికెట్టునకు చాలును. వీడియో పాఠములకు చాలదు. వైఫై నడచు 2.4 గిగాహెర్ట్జుల పట్టీలోనే యిదియు నడచును. సెకనుకు 1600 మారులు దారి మార్చుకొనుచు తప్పించుకొనజూచినను, కిక్కిరిసిన హాస్టలులో కొంత తొట్రుపడును.

మన కంప్యూటరు తరగతులలో మీటల పేర్లు వల్లె వేయించుచున్నాము. అది చాలదు. ఉపాధ్యాయుడు ఎక్కడనో యొక మీట తీసివేసి, దారి యెచ్చట తెగినదో కనుగొనుమని పిల్లల నడుగవలెను. దానికి మార్కులును వేయవలెను.

హాస్టళ్లలోనున్న మన పూర్వవిద్యార్థులకు మఱియొక మాట. గది ఖాళీచేసి పోవు స్నేహితుని ఫోను పేరును కంప్యూటరు పట్టికనుండి ఆ దినముననే తుడిచివేయుడు.