యంత్రమునకు విన్నపము

కృత్రిమ మేధతో సంభాషించునపుడు 'దయచేసి', 'కృతజ్ఞతలు' అను మాటలవలన ప్రయోజన మేమైన కలదా యను ప్రశ్న యిపుడు దేశదేశములందు చర్చకు వచ్చినది. ఇట్టి మాటలకగు విద్యుద్వ్యయ మెంత యని 2025 ఏప్రిలులో నొకరు ప్రశ్నింపగా, చాట్‌జీపీటీని నడుపు ఓపెన్ఏఐ సంస్థ యధిపతి సామ్ ఆల్ట్‌మన్, కోట్లకొలది డాలర్లనియు, అది సద్వ్యయమే యనియు నవ్వులాటగ బదులు చెప్పెను. బొగ్గు గనులును, చెల్పూరు విద్యుత్కేంద్రమును గల భూపాలపల్లి వారికి, మాటకు సైతము విద్యుత్తు ఖర్చగునను సంగతి సులువుగ బోధపడును.

వ్యయము సరియే, ఫలమెట్టిది? పరిశోధకుల తీర్పులు ఏకముగ లేవు. 2024లో జపాను పరిశోధకులు ఇంగ్లీషు, చీనా, జపాను భాషలలో పరీక్షించి, మోటుగ నడిగిన జవాబు తరచుగ చెడుచున్నదనియు, అతివినయమువలన మేలు నిశ్చయము కాదనియు, తగిన మర్యాద భాషనుబట్టి మారుచున్నదనియు తేల్చిరి. 2025లో అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయము వారు 50 ప్రశ్నలను అయిదు విధముల మార్చి యడుగగా, మిక్కిలి వినయమునకు నూటికి 80.8, మిక్కిలి పరుషమునకు 84.8 చొప్పున సరియైన జవాబులు వచ్చినవి. ఇంతమాత్రమున తిట్టుటయే మేలనుకొనుట అవివేకము. యంత్రమునకు మానాభిమానములు లేవు. అది మానవుల వ్రాతలనుండి మాటల పొందికను నేర్చినది; కనుక మాట మారిన జవాబును మారును. ఏ వైపునకు మారునో ముందుగ నిశ్చయింప వీలులేదు.

జనగామ ప్రాంతమువారు ఈ విషయమును విశేషించి యోచింపవలెను. గడీల ముంగిట 'బాంచెను, కాల్మొక్కుత' యననిదే విన్నపము సాగని కాలమచ్చట నుండెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణము లర్పించినది ఆ దొరతనము నెదిరించియే. వినయము వేరు, దాస్యము వేరు. ఆ కాలపు విన్నపములలో పొగడ్త పెద్దది, అసలు సంగతి చిన్నది. ఆ యలవాటు యంత్రమువద్ద అక్కరకు రాదు.

మహబూబాబాదు రైతు 'అయ్యా, మా మిర్చి పోవుచున్నది, కాపాడుము' అనిన యంత్రము పది తెగుళ్ల పేర్లు వల్లించును. ఆకు పైకి ముడుచుకొన్నదా, క్రిందికి ముడుచుకొన్నదా చెప్పిన దారి తెలియును. ఏలన, పైముడుతకు తామరపురుగు, క్రిందిముడుతకు నల్లి సాధారణముగ కారణములు. పైరు వయస్సును, ఇదివరకు కొట్టిన మందును సైతము తెలుపవలెను. మందు మోతాదును మాత్రము వ్యవసాయాధికారి నడిగియే నిర్ణయించుకొనుట క్షేమము.

ఇంతకంటె పెద్ద యపాయము మరియొకటి కలదు. మనము యంత్రమునకు మ్రొక్కుటకంటె, యంత్రము మనకు మ్రొక్కుట ప్రమాదకరము. 'ఈ మందు మంచిదే కదా?' యనిన 'చిత్తము' అను గుణము దానికి కలదు. ముఖస్తుతి మితిమీరినదని 2025 ఏప్రిలులో ఓపెన్ఏఐ వారే తమ క్రొత్త కూర్పు నొకదానిని వెనుకకు తీసికొనిరి. ముఖస్తుతి వినివిని చెడిన దొరల కథలు మన యూళ్లలో కొదువలేదు. కావున, మన కోరిక తెలియనీయక, 'ఈ మందువలన మేలేమి, కీడేమి?' యని యడుగుట యుక్తము.

మర్యాద మానవలసిన పనిలేదు. అది మన నాలుక సంస్కారము. కాని జవాబు నిలుచునది వినయముపై కాదు, మన మందించు వివరముపై. వచ్చిన జవాబును తరచి చూచు భారము మాత్రము ఎప్పటికిని మనదే.