కేలరీల లెక్క సరే, గంటల లెక్కో?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటో మన దగ్గర చాలామందికి సరిగ్గా తెలియదు. పిల్లల్ని పైచదువులకి పంపే తల్లిదండ్రుల నోట పెద్ద యూనివర్సిటీల పేర్లే తప్ప వీటి పేర్లు వినపడవు. రెండేళ్ళ చదువు, తక్కువ ఫీజు, చేరడానికి పెద్ద అడ్డంకులు లేవు. అందుకే మిగతా కాలేజీల గుమ్మం ఎక్కలేనివాళ్ళు ఇక్కడికొస్తారు. పగలంతా పని చేసుకునేవాళ్ళు, నలభై దాటాక మళ్ళీ పుస్తకం పట్టుకున్నవాళ్ళు, నల్లజాతివాళ్ళు, మెక్సికో నుంచో వియత్నాం నుంచో వచ్చిన కుటుంబాల పిల్లలు, భర్త వీసా మీద వచ్చి ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన మన తెలుగు ఆడవాళ్ళు. మొత్తం మీద సగానికి పైగా స్త్రీలే. అలాంటి ఒక కాలేజీలో నేను సాయంత్రం పూట ఇంగ్లీషు వ్యాసరచన చెబుతాను. సాహిత్యంలో డాక్టరేట్ ఉన్నా టర్ముకొక కాంట్రాక్టు మీదే. ఆ కథ ఇంకోసారి.

ఇప్పుడు ఈ విద్యార్థుల 'ఆరోగ్యం' మీద అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది. ఆన్‌లైన్‌లో పది వారాల పోషకాహార, వ్యాయామ కార్యక్రమం. తిన్న ప్రతి ముద్దా ఫోన్‌లో రాయాలి, నడిచిన ప్రతి అడుగూ లెక్కపెట్టాలి, వీడియోలు చూడాలి, చివర్లో చిన్న పరీక్ష. పూర్తి చేస్తే ఒక క్రెడిట్టో, గిఫ్టు కార్డో. 'విభిన్న నేపథ్యాల విద్యార్థుల కోసం ప్రత్యేకంగా' అని పైన పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నా విద్యార్థినులు దీని గురించి వ్యాసాలు రాస్తుంటే ఆ పాఠాలన్నీ తెప్పించుకుని నవల చదివినట్టు చదివాను. సాహిత్యం చదువుకున్నవాళ్ళకి అదో జబ్బు.

నవలగా చూస్తే ఇది మరీ పేలవమైన నవల. ముగ్గురు నాయికలు. ఒకామెకి స్పానిష్ పేరు, ఒకామెకి నల్లజాతి పేరు, ఒకామెకి భారతీయ పేరు. ముగ్గురి సమస్యా ఒకటే, 'సరైన ఎంపికలు' చేసుకోలేకపోవడం. ముగ్గురికీ పరిష్కారం ఒకటే, ఆదివారం మధ్యాహ్నం వారానికి సరిపడా వండి డబ్బాల్లో సర్దుకోవడం. ఆశ్చర్యం ఏమిటంటే ఈ ముగ్గురి ఇళ్ళల్లో ఇంకో మనిషి లేడు! పసిపిల్ల లేదు, మంచాన పడ్డ తండ్రి లేడు, 'ఈ పూట కూడా ఇదేనా' అని మొహం చిట్లించే భర్త లేడు, రాత్రికి రాత్రి షిఫ్టు మార్చేసే మేనేజరు లేడు. ఆ డబ్బాల్లోది సోమవారానికల్లా ఇంటిల్లిపాదీ తినేస్తే మంగళవారం సంగతేమిటో ఏ పాఠంలోనూ లేదు. వైవిధ్యం పేర్లలో ఉంది, ఫొటోల్లోని చర్మం రంగులో ఉంది, ప్లేటు పక్కన పెట్టిన చపాతీ బొమ్మలో ఉంది. బతుకులో మాత్రం లేదు.

ఎవరు వండుతారు, ఎవరు చివర్న తింటారు, గిన్నెలు ఎవరు కడుగుతారు అని అడగని పోషకాహార పాఠం ఆడవాళ్ళకి ఏం చెప్పగలదు? విమల 'వంటిల్లు' చదువుకుని పెరిగిన తరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. డిపెండెంట్ వీసా మీద ఉన్న ఒక తెలుగమ్మాయి ఈ కార్యక్రమంలో చేరింది. ఫోన్‌లో జొన్నరొట్టె దొరకలేదు, గోంగూర పచ్చడి దొరకలేదు. అది చిన్న సంగతి. క్లాసయ్యాక నన్నడిగింది, "అక్కా, పిల్లాడు తినకుండా వదిలేసింది నేను తింటే దాన్నెలా రాయాలి?" దానికి ఆ ఫోన్‌లో గడి లేదు. రాత్రి పదిన్నరకి తిన్నానని రాస్తే మాత్రం 'త్వరగా భోంచేయండి' అని సలహా వచ్చిందట.

ఇంకో అమ్మాయి రాత్రంతా గోడౌన్‌లో పార్సిళ్ళు ఏరే పని చేస్తుంది. తెల్లవారేసరికి ఫోను 18 వేల అడుగులు చూపించి శభాష్ అంటుంది. ఆ అడుగులకే మోకాళ్ళు వాచాయని దానికి తెలియదు. తీరిక వేళ చేసే వ్యాయామం, బతకడానికి పడే శ్రమ శరీరం మీద ఒకేలా పనిచేయవని ఆరోగ్య పరిశోధకులే చెబుతున్నారు. రెండోదాన్ని ఎప్పుడు ఆపాలో మన చేతిలో ఉండదు కదా. మధ్యాహ్నానికి అదే ఫోను నిద్ర చాలలేదని మందలిస్తుంది.

ఇక బరువు. ఈ కార్యక్రమాలన్నీ చివరికి వెళ్ళి ఆగేది బి.ఎమ్.ఐ. దగ్గరే. 1830లలో బెల్జియం గణాంక శాస్త్రవేత్త కెట్లే 'సగటు మనిషి'ని వెతుకుతూ వేసిన లెక్క అది. 1972లో ఆన్సెల్ కీస్ దానికి ఈ పేరు పెట్టాడు. అమెరికన్ మెడికల్ అసోసియేషనే 2023లో, ఇది ఎక్కువగా తెల్లవాళ్ళ శరీరాల కొలతల మీద నిలబడ్డదని, ఒంటరిగా వాడొద్దని ఒప్పుకుంది. పెన్సిల్వేనియాలోని లింకన్ యూనివర్సిటీ చరిత్రాత్మకంగా నల్లజాతివాళ్ళ విద్యాసంస్థ. 2006లో చేరిన విద్యార్థుల నుంచి ఆ సంఖ్య 30 దాటితే ప్రత్యేక వ్యాయామ కోర్సు చేస్తే గాని డిగ్రీ ఇవ్వమంది. 2009లో గొడవయ్యాక వెనక్కి తగ్గింది. అప్పుడది బలవంతం. ఇప్పుడు గిఫ్టు కార్డు.

జబ్బులు నిజం కాదా అంటారు. నిజమే. మన దక్షిణాసియా వాళ్ళకి తక్కువ బరువులోనే షుగరు వస్తుంది, నాకూ తెలుసు. మరి ఈ పాఠాల వల్ల ఒరిగిందేమిటి? మినెసోటాలో మూడు కమ్యూనిటీ కాలేజీల్లో 441 మందితో రెండేళ్ళ ప్రయోగం చేశారు. తిండి, వ్యాయామంతో పాటు నిద్ర, ఒత్తిడి గురించీ కోర్సు పెట్టి, ఆన్‌లైన్‌లో తోడు కల్పించారు. మిగతావాటికన్నా ఎంతో బుద్ధిగా చేసిన పని. 2017లో ఫలితాలు వచ్చాయి. అధిక బరువున్నవాళ్ళ నిష్పత్తిలో కొంత తేడా కనిపించిందిగానీ, సగటు బి.ఎమ్.ఐ.లో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

తేడా ఎలా వస్తుంది? దేశవ్యాప్త సర్వేల్లో ఈ కాలేజీల విద్యార్థుల్లో మూడోవంతు కన్నా ఎక్కువమందికి తిండికి భరోసా లేదని తేలుతోంది. వాళ్ళకి ఆకుకూరల మేలు చెప్పడం ఎందుకు? సగం కోర్సు భారమైనా తీసుకునే విద్యార్థికి ఫుడ్ స్టాంప్స్ రావాలంటే మామూలుగా వారానికి 20 గంటలు ఉద్యోగం చెయ్యాలి, లేదా ఆరేళ్ళలోపు బిడ్డ ఉండడం లాంటి మినహాయింపేదైనా వర్తించాలి. తిండి కోసం పని, పని కోసం చదువుకి కోత! కోవిడ్ కాలంలో, 2021లో, ఈ నిబంధన సడలించారు. ఆకాశం కూలిపోలేదు. 2023లో మళ్ళీ బిగించారు. అర్హత ఉండే అవకాశమున్నా అందుకోనివాళ్ళు 2016లో దాదాపు 20 లక్షల మందని ప్రభుత్వ తనిఖీ సంస్థే తేల్చింది. విదేశీ విద్యార్థులకీ, డిపెండెంట్ వీసా వాళ్ళకీ అది కూడా లేదు. 2025 చట్టం శరణార్థుల్ని కూడా బయటికి నెట్టింది.

పిల్లల సంగతి చెప్పనక్కరలేదు. 2003-04లో 53 శాతం కమ్యూనిటీ కాలేజీల్లో పిల్లల్ని చూసుకునే కేంద్రాలుండేవి, 2015కి అవి 44 శాతానికి తగ్గాయి. కేంద్రం మూసేసి తల్లికి వ్యాయామం వీడియో ఇస్తున్నారు. పిల్ల ఏడుస్తుంటే ఆమె దాన్ని ఏ గదిలో చూడాలి?

ఆన్‌లైన్ వాళ్ళకి ఎందుకంత ముద్దంటే, అది చౌక. వంటవాళ్ళకి జీతం ఇవ్వక్కరలేదు, ఆయాకి ఇవ్వక్కరలేదు. ఖర్చంతా విద్యార్థిని గంటల్లోంచే తీసుకుంటారు. తిన్నది రాసే పది నిమిషాలూ ఆమెవే, వీడియో చూసే అరగంటా ఆమెదే. ఇంటిచాకిరీకి ఇంకో చాకిరీ కలిపి దానికి 'సాధికారత' అని పేరు.

మా కాలేజీ క్యాంటీన్ మధ్యాహ్నం రెండున్నరకి మూసేస్తారు. నా క్లాసు ఆరింటికి. పని నుంచి తిన్నగా వచ్చే నా విద్యార్థినులకి అప్పుడు కనపడేది మెట్ల కింద ఉన్న చిప్స్ మిషనొక్కటే. మిషన్లలో కొని తినొద్దని నాలుగో వారం పాఠంలో ఉంది. కార్యక్రమానికి పెట్టే డబ్బుతో క్యాంటీన్ రాత్రి తొమ్మిది దాకా తెరిచి, వేడిగా ఏదన్నా ఊరికే పెట్టండని మేం నలుగురు టీచర్లం కాగితం రాసిచ్చాం. విద్యార్థుల అవసరాలు తెలుసుకోవడానికి ఒక ఆన్‌లైన్ సర్వే పంపుతామని జవాబొచ్చింది.