సాయంత్రం ఆరు గంటల పాఠం

ప్రార్థన మనసు పుట్టినప్పుడు చేయాలా, గంట కొట్టినప్పుడు చేయాలా? క్రైస్తవ గృహాలలో ఈ తర్జనభర్జన తరచుగా వస్తూంటుంది. మనసు లేని ప్రార్థన పెదవుల ప్రార్థనే గదా, దానికి వేళ పెట్టడమెందుకని పిల్లలు అడుగుతారు. పెద్దలు కోప్పడతారు గాని జవాబు చెప్పరు.

జవాబు లేకపోలేదు. మనసు పుట్టేదాకా ఆగుదామనుకొనేవారికి ఆదివారం తప్ప తక్కిన ఆరు రోజులూ మనసు పుట్టదు. ఆకలి సంగతీ అంతే. వేళకు కంచం ముందు కూర్చునే ఇంట్లోనే వేళకు ఆకలి వేస్తుంది.

దానియేలును చూడండి. స్వదేశం విడిచి బబులోనులో కొలువు చేసిన ఉద్యోగి ఆయన. పరాయి రాష్ట్రంలో ఉద్యోగం చేసుకొనే మనకు ఆయన చుట్టమే అనుకోవచ్చు. యెరూషలేము వైపు కిటికీలు తెరుచుకొని రోజుకు మూడు మార్లు మోకరించేవాడు. ప్రార్థన చేయరాదని రాజశాసనం వచ్చిన నాడు కూడా ఎప్పటిలాగే మోకరించాడు. ఆపద నాటి ధైర్యం మామూలు రోజుల అలవాటులోనుంచే వచ్చింది.

మన భాషకే సంబంధించిన ఉదాహరణ మరొకటి ఉన్నది. విలియం కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టి బ్రతికినవాడు. 1793లో బంగాళం చేరాడు. 1801 నుండి కలకత్తాలోని ఫోర్టు విలియం కళాశాలలో బోధించాడు. 1806 జూన్‌లో మిత్రునికి జాబు వ్రాస్తూ తన ఒక దినాన్ని గంటల వారీగా లెక్క చెప్పాడు. ఆరుకు పావుగంట ముందు లేవడం, హీబ్రూలో ఒక అధ్యాయం, ఏడు దాకా ఏకాంత ప్రార్థన. తరువాత పనివాళ్లతో కూడి బంగాళీలో కుటుంబ ప్రార్థన. మున్షీ దగ్గర పారశీకం, పండితునితో సంస్కృత రామాయణం. పదింటికి కళాశాల. మధ్యాహ్నం అచ్చు ప్రతులు దిద్దడం, ఆరు దాకా మత్తయి సువార్త అనువాదం. ఆరు దాటగానే తెలుగు పండితుని దగ్గర మన తెలుగు నేర్చుకొనడం! ఆ పైన ప్రసంగం, మళ్లీ అనువాదం, చివరకు గ్రీకులో ఒక అధ్యాయం చదివి నిద్ర.

అంత పని మనవల్ల కాదు, అక్కరా లేదు. ఆ సాయంత్రపు పాఠం ఏమయిందో చూస్తే చాలు. 1812 మార్చి 11న శ్రీరామపురంలో ఆయన అచ్చుకూటం తగలబడింది. అనేక భాషల అక్షరాలు, కాగితం, ఏండ్ల తరబడి వ్రాసిన వ్రాతప్రతులు బూడిదయినాయి. కేరీ మళ్లీ మొదటినుంచీ పనికి కూర్చున్నాడు. ఆయన తెలుగు వ్యాకరణం 1814లోనూ, శ్రీరామపురపు తెలుగు క్రొత్త నిబంధన 1818లోనూ అచ్చుపడినాయి. క్రమశిక్షణ అంటే ఒక్క రోజూ తప్పకపోవడమని మనం అనుకొంటాము. తప్పిన మరునాడు మళ్లీ కూర్చోవడమే అసలు క్రమశిక్షణ.

అయితే ఈ కథకు రెండవ వైపు కూడా ఉన్నది. 1794లో ఐదేండ్ల కొడుకు పీటర్ చనిపోయిన తరువాత కేరీ భార్య డొరతీకి మతి చలించింది. 1807లో కన్నుమూసేదాకా ఆమె కోలుకోలేదు. ఆ జాబులోని గంటల లెక్కలో ఆమె పేరు కనబడదు. తల్లి ఆలన కరువైన ఆ పిల్లలను దిద్దడానికి తోటి మిషనరీలు పూనుకోవలసి వచ్చింది. ఆ మహనీయుని తూచడానికి మనమెవరము? కాని మన ఇంటి వేళాపట్టిక వ్రాసుకొనేటప్పుడు ఈ సంగతి మరువరాదు. ఇంటివారికి చోటులేని క్రమం ఎంత పవిత్రమైనదైనా కుంటిదే.

కనుక నా మనవి ఇది. ప్రార్థన వేళను ఇంటి యజమాని ఒక్కడే నిర్ణయించరాదు. పొయ్యిమీద అన్నం ఉడుకుతూండగా ఇల్లాలిని పిలిచి, రాలేదని విసుక్కొంటే అది భక్తి అనిపించుకోదు. ఏ వేళ ఆమె చేతులు ఖాళీ అవుతాయో అడిగి ఆ వేళనే పెట్టుకోండి. లేదా కూరలు తరిగి ఇచ్చి ఆ వేళను మీరే ముందుకు తీసుకురండి. పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలూ ఫోను మరో గదిలో ఉండాలి. పెద్ద అధ్యాయం వద్దు, నాలుగైదు వచనాలు చాలు.

ఆ వచనాలను పిల్లల చేత తెలుగులో చదివించండి. బడిలో తమిళమో కన్నడమో ఒడియానో చదివే పిల్లలు మన ఒత్తుల దగ్గర తడబడతారు. నవ్వకండి. ఆగి, ఆ మాట మీరు ఒకసారి పలికి, వాణ్ణి మళ్లీ పలకనివ్వండి. సంవత్సరం తిరిగేసరికి వాక్యంతోపాటు భాష కూడా నిలుస్తుంది. తాతగారి తెలుగు బైబిలు అద్దాల బీరువాలో ఉండిపోయి, మనుమడు దాన్ని చదవలేని రోజు మన ఇండ్లకు ఎంతో దూరంలో లేదు.

చివరిగా ఒక మాట. దేవుని దగ్గర మన కచేరీలోవలె హాజరు పట్టీ లేదు, ఆలస్యానికి ఎర్ర సిరా గుర్తూ లేదు. ఆయన కృప మన వేళాపట్టికకు వచ్చే జీతం కాదు. కుళాయికి నీళ్లు వచ్చే వేళకు మనం బిందె పెట్టినంత మాత్రాన ఆ నీళ్లు మన సంపాదన అవుతాయా? అయినా బిందె పెట్టనివారి ఇంట నీళ్లుండవు గదా. మీ ఇంటి బిందెకు వేళ ఏదో ఈ రాత్రే ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించండి.