ముంచి తీస్తే పురుగు పోతుందా?

ఆఫీసులో ఎవడైనా శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ లేకుండా కోడ్‌ని ప్రొడక్షన్‌లోకి తోస్తే ముందు గొడవ పెట్టుకునేది నేనే. అలాంటి నేను ఏం చేశానో చెప్తా, నవ్వకండి. బీరంగూడలో మా హాల్లో ఒక ఉప్పునీటి తొట్టె ఉంది. అందులో జోయాంథిడ్లు పెంచుతాను. చొక్కా బొత్తాల్లా గుంపుగా పెరుగుతాయి, పగడాలకి దగ్గరి చుట్టాలు. కొత్తగా కొన్న ముక్కని పావుగంట మందునీళ్ళలో ముంచి తీసి, నేరుగా తొట్టెలోకి దింపేశాను. "డిప్ చేశాక ఇంకేం భయం అన్నా" అని అమ్మినాయన భరోసా మరి!

మూడు వారాలకి బొత్తాలు ముడుచుకున్నాయి. నెలన్నరకి, రెండేళ్ళ నుంచి పెంచుకున్న గుంపులో సగం లేదు.

ఒకరోజు అర్ధరాత్రి టార్చి వేసి చూస్తే దొంగ దొరికాడు. న్యూడిబ్రాంక్ అంటారు, గుల్ల లేని సముద్రపు నత్త. జోయాంథిడ్‌ని తిని దాని రంగే పులుముకుంటుంది, పగలు పక్కనే ఉన్నా కనబడదు. ముక్క అడుగున చుట్టలు చుట్టి గుడ్లు పెడుతుంది.

అసలు కిటుకంతా ఆ గుడ్లలోనే ఉంది. మందునీళ్ళకి పెద్ద పురుగులు రాలిపోతాయి గానీ, జిగురులో ఉన్న గుడ్లకి ఏమీ కాదు. అంటే డిప్ ఒక్కదాన్నే నమ్ముకోవడం, కనబడ్డ బగ్ ఒకటి ఫిక్స్ చేసి టికెట్ మూసెయ్యడం లాంటిది :)

తినే చేపని వదిలితే సరి అంటారు కొందరు. పగలు తిరిగే చేపకి రాత్రి తిరిగే పురుగు ఎన్ని దొరుకుతాయి? ఇక ఐప్టేసియా అనే కలుపు ఉంది, దాన్ని గిల్లితే చిన్న ముక్క నుంచి కూడా మళ్ళీ మొలుస్తుంది. దానికోసం రాయిని వంటింట్లో ఉడకబెట్టే మహానుభావులున్నారు. అయ్యా, ఆ పని అస్సలు చెయ్యకండి. జోయాంథిడ్లలో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, ఆ ఆవిరి పీల్చి వేరే దేశాల్లో కుటుంబాలకి కుటుంబాలే ఆసుపత్రి పాలయ్యాయి.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే... ప్రతిదానికీ "ఏదో ఒక మందు పొయ్యి" అనే సలహా దగ్గర. పత్తి చేలో కొట్టే ఇమిడాక్లోప్రిడ్‌లో ముంచమనేవాడొకడు, సిప్రోఫ్లోక్సాసిన్ మాత్ర కలపమనేవాడొకడు. వాడేశాక ఆ నీళ్ళు సింకులోకే కదా! 2007లో స్వీడన్ పరిశోధకులు మన పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని తేల్చారు. మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఫ్యాక్టరీలని తిట్టడం మనకి బాగా వచ్చు. అదే బుద్ధి మన బాత్రూమ్ బకెట్లోకి వస్తే మాత్రం దాని పేరు హాబీ!

ఇంకో మాట. రాతి పగడాలన్నీ 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేరాయి, పులితో సమానంగా. అయినా గుట్టుగా చేతులు మారుతూనే ఉన్నాయి. నేరం సంగతి అటుంచండి, బిల్లే లేని సరుకు ఎన్ని తొట్టెలు దాటి వచ్చిందో ఎవర్ని అడుగుతారు? పురుగులకి అంతకంటే మంచి రహదారి లేదు.

మరి ఏం చెయ్యాలి? 2020 తర్వాత క్వారంటైన్ అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక నలభై లీటర్ల గాజు తొట్టె, హీటరు, చిన్న పంపు, లైటు. కొత్త ముక్కని పాత దిమ్మ నుంచి ఊడదీసి కొత్త దిమ్మకి అంటించండి, గుడ్లు చాలావరకు ఆ పాత దిమ్మతోనే పోతాయి. ఆరు వారాలు అక్కడే ఉంచండి. వారానికోసారి అయోడిన్ డిప్, రాత్రి టార్చి వేసి తనిఖీ. గుడ్లు కనబడితే గీకెయ్యండి, లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి. పెద్ద తొట్టెలో వాడిన గరిటె, గొట్టం ఇందులో పెట్టొద్దు, ఇందులోవి అందులో పెట్టొద్దు.

"ఆరు వారాలా? అంత ఓపిక ఎక్కడిది బాస్" అంటారా? అంత ఓపిక లేనప్పుడు పగడాల జోలికి వెళ్ళడమెందుకు? రెండేళ్ళు పెంచినవాటిని పావుగంట తొందర వల్ల పోగొట్టుకున్నవాణ్ణి చెప్తున్నా. ఇప్పుడు నా చిన్న తొట్టెలో ఒక ముక్క నాలుగో వారంలో ఉంది. మొన్న రాత్రి దాని అడుగున ఒక తెల్లటి చుట్ట కనబడింది.

గీకేశాను. లెక్క మళ్ళీ ఒకటి నుంచి.